బో జాకెట్లకు బస్తా ముడి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి లోకంలో ఉందని ఎవరైనా చెబితే, పాపం ఆ చెప్పినవాడికే ఏమీ తెలియదని జాలిపడేవాణ్ణి. ఇరవై మూడేళ్ళ వయసు, చేతికొచ్చి ఏడాదైన డిగ్రీ, నిజామాబాద్ పసుపు మార్కెట్లో రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తా కొలువు. ఈ మూడూ ఒకేసారి మీదపడితే మనిషికి ఎంత జ్ఞానం వచ్చినట్టు అనిపిస్తుందో అనుభవించినవాళ్ళకు చెప్పనక్కరలేదు. కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆడవాళ్ళ జాకెట్ల వ్యవహారంలో నేను వేలు పెట్టకుండా ఉండాల్సింది. (వేలంటే ఒక్క వేలు కాదు, పది వేళ్ళూ పెట్టాను.) ఆ పెట్టడం వల్ల ఒక నిశ్చితార్థం ఆగబోయింది, ఏడుగురు ఆడవాళ్ళు ఇరుక్కుపోయారు, నాకు ఒక బిరుదు వచ్చింది. సన్మానం మాత్రం ఎవరూ చేయలేదు.

ఆ ఏడాది మా దిక్కు బో నెక్కు జాకెట్ల గాలి వీచింది. మగవాళ్ళకు తెలియకపోవచ్చు కనుక చెబుతాను. (ఆడవాళ్ళు ఈ నాలుగు వాక్యాలు దాటేయండి, నా వర్ణనలో తప్పులు పట్టకండి.) ఈ జాకెట్ ముందువైపు మెడదాకా మూసేసి ఉంటుంది. వెనక నడుము దగ్గర రెండు హుక్కులు, ఆపైన వీపంతా ఖాళీ, మెడ కింద ఆ పక్క నుంచి ఒకటి, ఈ పక్క నుంచి ఒకటి వెడల్పాటి పట్టు పట్టీలు. ఆ రెంటినీ కలిపి సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకునేట్టు ముడి వేయాలి. అదీ బో. అంటే ముందు గోడ, వెనక తలుపు, ఆ తలుపుకు గొళ్ళెం ఈ బో. గొళ్ళెం తీస్తే తప్ప లోపలి మనిషి బయటికి రావడం కుదరదు. ఈ చిన్న సంగతి మీరు గుర్తుంచుకోండి. నేను ఆ రోజు ఉంచుకోలేదు.

మా అక్కను బోధన్‌లో చెరుకు పండించే ఇంటికి ఇచ్చాం. అక్క ఆడబిడ్డకు సంబంధం కుదిరి, బోధన్‌లోనే ఒక ఫంక్షన్ హాల్లో నిశ్చితార్థం పెట్టుకున్నారు. అబ్బాయి తరపువాళ్ళది ముప్కాల్. పెళ్ళికూతురు, మా అక్క, పెళ్ళికూతురి దోస్తులు, వరసకు అక్కాచెల్లెళ్ళు కలిపి ఏడుగురు ఒకే తీరు బో జాకెట్లు కుట్టించుకున్నారు. ఆ దర్జీ చుట్టూ వాళ్ళు ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలుసు, ఎందుకంటే సగం సార్లు తిరిగింది నేనే. నన్ను ఆ నిశ్చితార్థానికి పిలవడంలో అక్కకు ఇంకో లెక్క ఉంది. ఆ ఏడుగురిలో పెళ్ళికూతురి క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఉంది. రెంజల్ పిల్ల. ఆ పిల్లను నాకు అడగాలని అక్క ఆలోచన. ముందురోజు ఫోన్ చేసి చెప్పింది. "చూడు తమ్మీ, పిల్లకు ఇంక చెప్పలే. ముందుగాల వాళ్ళవ్వ నిన్ను చూస్తదట. తెల్ల అంగి తొడుక్కొని రా. మంచిగ కూసో. ఎవ్వలన్న ఏమన్న అడిగితే, తెలిసింది కూడ తెల్వదను. నీకు గదే మంచిది."

(వాళ్ళవ్వ అంటే ముసలామె అనుకునేరు. మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాం.)

తెల్ల అంగీ తొడుక్కుని పొద్దున పది గంటలకే హాలుకు చేరాను. స్టేజీ పక్కన ఆడవాళ్ళు తయారయ్యే గది. దాని ముందు కుర్చీలో, అక్క చెప్పినట్టే, ఏమీ తెలియనివాడిలా కూర్చున్నాను. పావుగంట బాగానే గడిచింది. ఇంతలో అక్క విసుక్కుంటూ బయటికొచ్చి నాకు వీపు తిప్పి నిలబడింది. "గీ బో నిలుస్తలేదు రా. మా అత్త మూడుసార్లు కట్టింది, మూడుసార్లు జారింది. పట్టు బట్ట, ఒకటే జారుడు. జెర గట్టిగ కట్టు." "నాకు తెల్వదక్కా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆ పట్టీలను చూడగానే నా చేతులు నన్ను అడగకుండానే లేచాయి.

ఎందుకో చెబుతాను. పసుపు బస్తా నింపాక దాని మూతిని దబ్బనంతో, సుతిలి తాడుతో కుడతారు. కుట్టేటప్పుడు ఆ మూల కొంత, ఈ మూల కొంత గోనెను వదిలి, మెలిపెట్టి, ముడి వేస్తారు. అవి రెండు చెవుల్లా నిక్కి నిలబడతాయి. హమాలీలు ఆ చెవులు పట్టుకునే బస్తాను వీపుకెత్తుకుంటారు. క్వింటాలు దగ్గరి బరువు వేలాడినా ఆ ముడి కదలదు. ఆ ముడి వేయడం మా హమాలీల పెద్ద, మేమందరం ముకద్దం తాత అని పిలిచే ఆయన, నాకు సరదాకు నేర్పాడు. నేర్చుకున్న రోజు నుంచీ అది ఎక్కడ వేద్దామా అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. అక్క బోను చూస్తే రెండు చెవులు. నేనేమో చెవుల పండితుణ్ణి. బో మెడకెక్కింది, పొగరు తలకెక్కింది, ముడి పడిపోయింది.

అక్క అటూ ఇటూ భుజాలు ఊపి చూసింది. ముడి ఊగలేదు. చెవులు మాత్రం కుందేలు చెవుల్లా ఠీవిగా నిలబడ్డాయి. "ఏం కట్టినవ్ రా, గట్టిగుంది" అని లోపలికి పోయిన మనిషి ఐదు నిమిషాల్లో మిగిలిన ఆరుగుర్నీ తలుపు దగ్గరికి తోలుకొచ్చింది. "అందరియి జారుతున్నయ్. నువ్వు కట్టకు గని, గా కుర్చికి కట్టి చూపెట్టు. వీళ్ళు చూసి ఒకలకొకలు కట్టుకుంటరు." ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించాను. ఎవరిదో తువ్వాల దాని చేతికి చుట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఒక మెలిక, రెండో మెలిక, కొసను కిందికెల్లి తీసి లోపటికి తోసి, చెవిని గుంజి. బస్తా మాట ఎత్తలేదండోయ్. పట్టు చీరల ముందు గోనె సంచి మాట బాగుండదని, దానికి అప్పటికప్పుడు ఒక పేరు పెట్టాను. "దీన్ని డబుల్ లాక్ బో అంటరు" అన్నాను. ఎవరంటారో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

గుంపులో ముందు నిలబడిన అమ్మాయి మాత్రం కళ్ళార్పకుండా చూసి, "అన్నా, గా రెండో మెలిక ఒక్కసారి మళ్ళ చూపెట్టు" అంది. ఆ పిల్ల వెనక నుంచి అక్క కనుబొమ్మలు ఎగరేసి సైగ చేసింది. ఈ పిల్లే ఆ పిల్ల. రెంజల్ పిల్ల. నా గుండె అక్కడే మెలిక పడింది. మా దిక్కు అన్న అన్న మాటకు కరువు లేదు, కూరగాయలమ్మేవాణ్ణీ అన్న అంటారు, ఆటో నడిపేవాణ్ణీ అన్న అంటారు. కానీ సంబంధం కలుపుకుందామని వచ్చినవాణ్ణి పిల్ల అన్న అన్నదంటే, ఇక వాడు భోజనం చేసి బస్సెక్కడమే. నేను రెండో మెలిక మళ్ళీ చూపించాను. "సమజైంది. మంచిగ చెప్పినవ్ అన్నా" అంది. అది రెండో అన్న. ఒక్కసారి చూపిస్తే ఆ పిల్లకు వచ్చేసింది. లోపలికి పోయి మిగతా ఐదుగురికీ తనే కట్టింది, తనది పెళ్ళికూతురితో కట్టించుకుంది.

కార్యక్రమం మొదలైంది. ఏడుగురూ వరసగా స్టేజీ ఎక్కుతుంటే వెనక నుంచి పద్నాలుగు చెవులు. హాల్లో ఆడవాళ్ళంతా ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు. నేను తెల్ల అంగీ సర్దుకుని రెంజల్ పిల్ల వాళ్ళవ్వ పక్కన కూర్చుని, "మార్కెట్ల పని చేస్తవట గద బిడ్డా" అంటే ఒద్దికగా "ఆఁ" అన్నాను. అంతా సవ్యంగా ఉంది. అబ్బాయి తరపువాళ్ళు పళ్ళెంలో చీర పెట్టి పెళ్ళికూతురి చేతికిచ్చారు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, వాళ్ళు పెట్టిన చీర, దాని జాకెట్ మార్చుకుని వచ్చి కూర్చుంటేనే తాంబూలాలు. పంతులుగారు గడియారం చూసి "పన్నెండు దాటకముందే రావాలె అమ్మా" అన్నాడు. పదకొండున్నర. పెళ్ళికూతురు లోపలికి పోయింది. పది నిమిషాల తర్వాత అక్క గది తలుపులోంచి నన్ను చూస్తూ, వేళ్ళన్నీ కలిపి రమ్మని సైగ చేసింది. ఆ సైగలో ఆప్యాయత లేదు.

గదిలో పెళ్ళికూతురు స్టూలు మీద కూర్చుని ఉంది, భుజాల మీదుగా కొత్త చీర కప్పుకుని. చుట్టూ ఆడవాళ్ళు. ఒకళ్ళు గోళ్ళతో ప్రయత్నించారట, ఒకళ్ళు పళ్ళతో. ఎంత లాగితే అంత బిగుసుకుందట. (బిగుసుకోవాలనే కదా దాన్ని కనిపెట్టింది.) "విప్పు" అంది అక్క. నేను ముడి దగ్గరికి వంగాను. అప్పుడు, ఆ క్షణంలో, నాకొక విషయం తట్టింది. నాకు వేయడం నేర్పారు. విప్పడం నేర్పలేదు. మార్కెట్లో ఎవరైనా బస్తా ముడి విప్పగా నేను ఎన్నడూ చూడలేదు. కొన్నవాడు కత్తి తీసి కోసుకుంటాడు, అంతే. నేను లేచి నిలబడి, నా బతుకులో మొదటిసారి అనుకుంటాను, నలుగురి ముందు ఆ మాట అన్నాను. "నాకు తెల్వదు. కట్టుడే వస్తది, విప్పుడు రాదు."

ఎవరో కత్తెర తెచ్చారు. అక్క అత్తగారు తలుపుకు అడ్డం నిలబడింది. "నిశ్చితార్థం నాడు పిల్ల కొత్తబట్టకు కత్తెర పెడ్తరా. నేనుండంగ పెట్టనియ్య." పెళ్ళికూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను గిట్లనే కూసుంట వదినా. వాళ్ళు పోతమంటే పొమ్మను." బయట అబ్బాయి మేనత్త గొంతు అందరికీ వినపడేట్టు లేచింది. "చీర కట్టుడు గింత సేపా? పిల్లకు ఇష్టమేనా ఏంది?" అక్క మొగుడు, మా బావ, చెమటలు కక్కుతూ తలుపు సందులోంచి తల పెట్టాడు. "బామ్మర్దీ, మిర్చి బజ్జీలు ఇంకొకసారి తిప్పుతున్న. బజ్జీలతోని పది నిమిషాలు ఆపుత. గంతకంటె ఎక్కువ నాతోని కాదు."

ఇక మిగిలిన దారి ముకద్దం తాతే. ఫోన్ చేశాను. మార్కెట్ చప్పుడులో ఆయనకు వినపడదని, స్పీకర్ ఆన్ చేశాను. (ఆయనకు వినపడకపోతే నా చెవి దగ్గర స్పీకర్ ఎందుకని మీరు అడగొచ్చు. ఆ రోజు నా తెలివి ఆ స్థాయిలో ఉంది.)

"తాతా, చెవి ముడి ఎట్ల విప్పాలె?"

"ఏ చెవి ముడి?"

"మన పసుపు బస్తాకు ఏస్తం గద, గది."

"విప్పుడెందుకు బిడ్డా, కోసెయ్."

"కొయ్యరాదు తాతా. విప్పాలె."

"నలభై ఏండ్లకెల్లి గీ పని చేస్తున్న, గీ మాట ఎవ్వలు అడగలే. బస్తల ఏమున్నది?"

నేను గదిలో అందర్నీ చూశాను. దాచి లాభం లేదు. "మనిషి ఉన్నది తాతా" అన్నాను.

అటువైపు తాత గొంతు పెరిగింది. "మనిషిని బస్తల ఏసి ముడేసినవా? సేటుకు తెలుసా?"

నేను ఫోన్ కట్ చేశాను. గదిలో ఏడు జతల కళ్ళు, ఏడు జతల చెవులు నా వైపే తిరిగి ఉన్నాయి. అక్క చాలా నెమ్మదిగా, "డబుల్ లాక్" అంది. రెంజల్ పిల్ల అడిగింది, "అంటే పొద్దుగాలకెల్లి మేమందరం పసుపు బస్తాలమా అన్నా?" అది మూడో అన్న. తలెత్తితే గడపలో ఆ పిల్ల వాళ్ళవ్వ నిలబడి ఉంది, చేతిలో బావ పంచిన మిర్చి బజ్జీ. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు, బజ్జీ మాత్రం సగం అయిపోయింది. నా పెళ్ళి సంగతి నేను అక్కడే వదిలేసుకున్నాను. ముందు ఈ పిల్ల పెళ్ళి నిలబడితే చాలనిపించింది.

అప్పుడు రెంజల్ పిల్ల ఎర్ర కుర్చీని మధ్యకు లాగింది. పొద్దున నేను కట్టిన తువ్వాల దానికి అలాగే ఉంది, అదీ ఊడలేదు మరి. దాని పక్క చేతికి ఇంకో తువ్వాల చుట్టి నాకు అందించింది. "మళ్ళ కట్టు. మెల్లగ. చెప్పకు, ఉత్తగ కట్టు." కట్టాను. నా వేళ్ళు చూస్తూ, అటు పాత ముడి చూస్తూ ఉంది. "ఆగు. గీ కొస ఎటు పోయింది?" చూపించాను. "ఇంకొకసారి." మూడోసారి కడుతుంటే జడలోంచి సైడ్ పిన్ను తీసి, పాత ముడి పొట్టలో ఒకచోట పెట్టి, కొసను వచ్చిన దారినే వెనక్కి తోసింది. గుంజలేదు, తోసింది. ఎన్ని చేతులు లాగినా రానిది, తోస్తే ముడి అలసిపోయినట్టు వదులై తువ్వాల కిందపడింది. "ఇగ నువ్వు బయటికి పో" అని తలుపేసింది. నాలుగు నిమిషాల్లో పెళ్ళికూతురు ముప్కాల్ చీరలో స్టేజీ మీదికొచ్చి కూర్చుంది. పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలుంది. మేనత్త నవ్వింది. బావ బజ్జీల బేసిన్ పక్కనే కూలబడ్డాడు.

భోజనాలయ్యాక మిగతావాళ్ళకు ఆ పిల్లే వరసగా విప్పింది. అక్కను కావాలనే ఆఖరుకు ఉంచిందని అక్క ఇప్పటికీ అంటుంది. చివరికి వచ్చిన చిక్కేమిటంటే, ఆ పిల్లది విప్పడం ఎవరికీ రాదు. వాళ్ళవ్వ కళ్ళజోడు పెట్టుకుని పిన్నుతో పొడిచింది, ముడిలో కాదు, వీపులో. బస్సుకు టైమైపోయింది. పైట భుజాల నిండా కప్పుకుని, పసుపు బస్తా ముడితోనే ఆ పిల్ల రెంజల్‌కు బయల్దేరింది. నేను గేటు దగ్గర, ఎవరి కంటా పడకుండా ఉండాలనే ఉద్దేశంతో, అందరికీ కనపడేచోట నిలబడి ఉన్నాను. నా ముందు నుంచి పోతూ ఆగింది. "ఓ..." అని, ఏదో మాట నోటిదాకా వచ్చి మింగినట్టు ఆగి, "మేం పోతున్నం" అని నడిచి వెళ్ళిపోయింది. ఆ "ఓ" తర్వాత ఖాళీని నేను ఆ సాయంత్రమంతా లోపల తిప్పుకుంటూ ఉన్నాను. అక్కడ ఉండాల్సిన అన్న లేడు.

రెండో రోజు మార్కెట్లో ఉండగా అక్క ఫోన్ చేసింది. "రెంజల్‌కెల్లి ఫోన్ వచ్చింది." "ముడి ఊడిందా?" అన్నాను. "ముడి సంగతి నీకెందుకు రా. వాళ్ళవ్వ ఏమన్నదో ఇను. పిలగానికి తెల్వకపాయె గని, తెల్వదని అందరి ముంగట ఒప్పుకున్నడు, గది మంచిగనిపిచ్చింది అన్నది." నేను అసలు భయం బయటపెట్టాను. "మరి ఆ పిల్ల నన్ను అన్న అన్నది గదక్కా, మూడుసార్లు." "ఆఖరుకు అన్లే గద. పొయ్యేటప్పుడు నాతోని ఏమడిగిందో తెలుసా? వదినా, గా తెల్లంగి ఆయన నాకు అన్న వరస అయితడా అని అడిగింది. కాడు అని చెప్పిన." అప్పుడు నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. పక్కనున్న ముకద్దం తాత మాత్రం నా మొహం చూసి, "మనిషి బయటికొచ్చిందా?" అని అడిగాడు.

ఆ రెంజల్ పిల్లే ఇప్పుడు మా ఇంట్లో యజమానురాలు. ఇన్నేళ్ళలో ఆవిడ ఈ కథ చెప్పని పెళ్ళి లేదు, పేరంటం లేదు. చెప్పినప్పుడల్లా అది కాస్త పెరుగుతుంది. ఏడుగురు పన్నెండు మందయ్యారు. రెండు నిమిషాలు అర నిమిషమైంది. ఈమధ్య చెప్పినప్పుడు ముకద్దం తాత పోలీసులకు ఫోన్ చేయబోయాడని కూడా కలిసింది. ఆవిడ తరపు పిల్లలంతా నన్ను బస్తా బావ అంటారు. నేను పళ్ళికిలించి ఊరుకుంటాను. అన్న కంటే నయం కదా.

అయితే మనిషిని కదా, మనసులో ఒక మూల ప్రతీకారం రగులుతూనే ఉండింది. మొన్న భీమ్‌గల్‌లో ఒక పెళ్ళికి పోయాం. బో జాకెట్లు మళ్ళీ వచ్చాయట. ఆవిడ కొత్త జాకెట్ దర్జీ దగ్గర్నుంచి ఆ పొద్దున్నే వచ్చింది. కారు దిగాక ఆవిడ నాకంటే రెండడుగులు ముందు నడుస్తోంది. అప్పుడు చూశాను. బో కింద గుండుసూదితో దర్జీ పెట్టిన చీటీ అలాగే ఉంది, పెద్ద అక్షరాలతో. నడుము కొలత, దాని కింద గీత గీసి, "పోయినసారి కంటే రెండు ఇంచులు లూజు పెట్టాలి." చెప్పాలా, వద్దా. నేను తలుపు దగ్గర నిలబడి పన్నీరు చల్లించుకున్నాను. చెప్పలేదు. ఆవిడ నా ముందు నుంచి దర్జాగా నడిచి, వరసగా కూర్చున్న చుట్టాలందరినీ పలకరించి, అప్పుడే ఒక గుంపును పోగేసి, "గీయన ఏం జేసిండో ఎరుకేనా" అని మొదలుపెట్టింది. వెనక చీటీ ఫ్యాను గాలికి రెపరెపలాడుతోంది. ఇన్నేళ్ళలో ఆ కథను నేను మొదటిసారి హాయిగా విన్నాను.

కథ పోలీసుల దాకా వచ్చేసరికి వెనక కుర్చీల్లో ఇద్దరు ఆడపిల్లలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని చదవడం కనిపించింది. నాకేమైందో తెలియదు. వాళ్ళు రెండో లైనుకు వచ్చేలోపే లేచి పోయి, గుండుసూది తీసి, చీటీని గుప్పిట్లో నలిపేశాను. ఆవిడ కథ ఆపి వెనక్కి తిరిగింది. "ఏమైంది?" "దారం" అన్నాను. "ముడి గిట్ట ఏసినవా?" అని అనుమానంగా చూసి, అందరితో కలిసి నవ్వి, పోలీసుల దగ్గర్నుంచి మళ్ళీ అందుకుంది. నా ప్రతీకారం మొత్తం పావుగంట నడిచింది. అది జరిగినట్టు ఆవిడకు ఇప్పటికీ తెలియదు. చీటీ మాత్రం నా పర్సులో భద్రంగా ఉంది. అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను, ధైర్యం కోసం.